నిజం చెప్పాలనుకునే సాక్షి: స్మృతి ప్రామాణ్యం, ప్రశ్నించేవారి బాధ్యత

సాక్షి మాట తప్పని తేలినప్పుడు దానికి రెండు కారణాలలో ఒకటి చెప్పడం వాడుక: అతడు చూడనిదాన్ని చూశానన్నాడు, లేదా చూసినదాన్ని దాచి మరొకటి చెప్పాడు. రెండు సందర్భాలలోనూ దోషం సంకల్పంలోనే ఉన్నది కనుక ప్రమాణం చేయించడం, శిక్షాభయం చూపడం, అడ్డప్రశ్నలతో నిలదీయడం వంటి ఉపాయాలు దానికి చాలునని న్యాయవ్యవస్థలు చాలాకాలం నమ్మాయి. గత నూరేళ్లలో మనస్తత్వశాస్త్రం ఎదుట నిలబెట్టిన సాక్షి మాత్రం ఈ రెండు తెగలలో దేనికీ చెందడు. అతడు సంఘటనను కళ్లారా చూశాడు, చూసింది చూసినట్టు చెప్పాలనే కోరిక అతనిలో నిండుగా ఉంది, చెబుతున్నది సత్యమేనన్న నమ్మకం కూడా ఉంది. అయినా అతని మాట జరిగిన దానితో సరిపోలదు. ఇటువంటి సాక్షి నేరపరిశోధనకు ఎంత చిక్కు తెచ్చిపెడతాడో తత్త్వవిచారానికీ అంతే చిక్కు తెస్తాడు. జ్ఞాపకం యథార్థ జ్ఞానం కింద లెక్కకు వస్తుందా, వస్తే దాని ప్రామాణ్యానికి ఆధారమేమిటి, ఒకరి జ్ఞాపకాన్ని మరొకరు ప్రశ్నించి రాబట్టినప్పుడు ఆ ప్రామాణ్యంలో ప్రశ్నించినవారి వాటా ఎంత అనే మూడు ప్రశ్నలు ఇక్కడ ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి. మొదటి రెండింటినీ భారతీయ దర్శనాలు తరతరాలుగా తర్కించాయి. మూడోదాన్ని దాదాపుగా తాకలేదు.

న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానాలతో పాటు శబ్దాన్ని, అంటే నమ్మదగినవాడి మాటను, నాలుగో ప్రమాణంగా అంగీకరించింది. యథార్థ జ్ఞానాన్ని కలిగించే సాధనానికే ప్రమాణమని పేరు. ఆ నమ్మదగినవాడు ఆప్తుడు. గౌతముని న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడికి రెండు గుణాలు చెప్పాడు: విషయాన్ని తాను స్వయంగా ఎరిగి ఉండడం, ఎరిగినదాన్ని ఎరిగినట్టే తెలియజేయాలనే కోరికతో మాట్లాడడం. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా అతడు చేర్చాడు. నమ్మదగినతనాన్ని కులానికో విద్యకో ముడిపెట్టని ఆ ఔదార్యం గుర్తుంచుకోదగినది. అయితే పైన చెప్పిన సాక్షిలో ఈ రెండు గుణాలూ ఉన్నాయి. అతడు స్వయంగా చూశాడు, చూసినట్టే చెప్పాలనుకున్నాడు. చూడడానికీ చెప్పడానికీ నడుమ రోజులో నెలలో గడిచాయి; ఆ వ్యవధిని స్మృతి ఆక్రమించింది. ఆప్తలక్షణం ఆ వ్యవధి గురించి మౌనంగా ఉంది.

ధర్మశాస్త్రాలు ఈ విషయాన్ని మరో కొస నుంచి పట్టుకున్నాయి. వాటి దృష్టి ప్రధానంగా అబద్ధమాడేవాడి మీద ఉంది. నిలిచినచోట నిలవకపోవడం, పెదవి మూలలు నాలుకతో తడుపుకోవడం, నుదుట చెమట పట్టడం, ముఖం రంగు మారడం, మాట తడబడడం వంటి గుర్తులను బట్టి దుష్టసాక్షిని పోల్చుకోవచ్చునని యాజ్ఞవల్క్యస్మృతి చెబుతుంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరా వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనుగు చేయడంతో ఈ విచారణశాస్త్రం తెలుగు పద్యంలోకి కూడా ప్రవేశించింది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం మరికొంత లోతుకు దిగి, సాక్ష్యం అసత్యం కావడానికి లోభం, మోహం, భయం, మైత్రి, కామం, క్రోధం, అజ్ఞానం, బాలభావం అని ఎనిమిది కారణాలు లెక్కించి, ఒక్కొక్కదానికీ వేరువేరు జరిమానా విధించింది. లోభంతో చెప్పినవాడికి వెయ్యి పణాలైతే అజ్ఞానంతో చెప్పినవాడికి రెండు వందలు. దురుద్దేశం లేకుండానే సాక్ష్యం తప్పు కావచ్చునన్న ఎరుక శాస్త్రకారులకు లేకపోలేదని దీనివల్ల తెలుస్తున్నది. ఆ తప్పు భారాన్ని కూడా వారు సాక్షి నెత్తినే పెట్టారన్నదీ తెలుస్తున్నది. సాక్షి అజ్ఞానానికి అడిగిన తీరు కారణమై ఉండవచ్చునన్న ఊహకు అక్కడ చోటు లేదు.

స్మృతి కాలక్రమంలో సడలిపోతుందన్న సంగతిని నేరుగా ఎదుర్కొన్నది నారదస్మృతి. కార్యం జరిగినప్పుడే ఏర్పాటు చేసుకున్న సాక్షులను అది ఐదు రకాలుగా విభజించింది. పత్రంలో పేరు రాయించుకున్నవాడు లిఖితుడు. జరిగినదాన్ని మాటిమాటికీ గుర్తుచేయించుకుంటూ నిలుపుకున్నవాడు స్మారితుడు. అనుకోకుండా అక్కడికి వచ్చి చూసినవాడు, చాటున ఉండి విన్నవాడు, మరో సాక్షి నోటి మాటగా విన్నవాడు మిగిలిన ముగ్గురు. స్మారితుడి మాట ఎనిమిదేళ్ల వరకు, అనుకోకుండా చూసినవాడి మాట ఐదేళ్ల వరకు, చాటుసాక్షి మాట మూడేళ్ల వరకు, పరోక్షసాక్షి మాట ఒక్క ఏడాది వరకు చెల్లుతుందని చెప్పి, ఆ వెంటనే ఈ గడువులను సడలిస్తూ, సాక్ష్యం స్మృతి మీద ఆధారపడుతుంది కనుక బుద్ధీ స్మృతీ వినికిడీ చెడనివాడు ఎంతకాలం తరువాతైనా సాక్ష్యమివ్వవచ్చునని కూడా నారదుడు అన్నాడు. ఈ అయిదుగురిలో నేటి పరిశోధకులకు ఎక్కువ ఆసక్తి కలిగించవలసినవాడు స్మారితుడు. మాటిమాటికీ గుర్తుచేస్తే జ్ఞాపకం గట్టిపడుతుందన్నది అతని వెనుక ఉన్న నమ్మకం. అది సగం నిజం. గుర్తుచేసేవాడు ఎవరు, ఏ మాటలతో గుర్తుచేస్తాడు అన్నదానిలో మిగతా సగం ఉంది.

స్మృతి స్వరూపాన్ని గురించి తార్కికులు చెప్పినదాన్ని తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తన తర్కసంగ్రహంలో అతి క్లుప్తంగా పొందుపరిచాడు. ఒక అనుభవం ఆత్మలో సంస్కారాన్ని, అంటే తరువాత మేల్కొనగల ఒక అదృశ్య ముద్రను, విడిచిపోతుంది. కేవలం ఆ సంస్కారం వల్లనే పుట్టే జ్ఞానం స్మృతి. తక్కిన జ్ఞానమంతా అనుభవం. స్మృతి యథార్థం కావచ్చు, అయథార్థమూ కావచ్చు. యథార్థమైన అనుభవం నుంచి పుట్టినది యథార్థ స్మృతి, భ్రమ నుంచి పుట్టినది అయథార్థ స్మృతి. ఈ లెక్కన స్మృతికి సొంత ఆస్తి లేదు. అది మూలానుభవం నుంచి తెచ్చుకున్న ప్రామాణ్యంతో బతుకుతుంది. నైయాయికులు స్మృతిని ప్రమలో, అంటే యథార్థానుభవంలో, చేర్చకపోవడానికి కారణం ఇదే. మీమాంసకులు అంతకు ముందు తెలియనిదాన్ని తెలిపేదే ప్రమాణమనే నియమంతో దాన్ని పక్కన పెట్టారు. ఇందుకు భిన్నంగా, లోకవ్యవహారంలో బాధ కలగనంతవరకు స్మృతి కూడా ప్రమాణమేనని ఎనిమిదో శతాబ్దపు అకలంకుడు మొదలైన జైన తార్కికులు వాదించారు. స్మృతిని నమ్మకపోతే అనుమానం కూడా నిలవదని, పొగను చూసి నిప్పును ఊహించేవాడు వాటి సంబంధాన్ని జ్ఞాపకం ఉంచుకొనే ఊహిస్తాడని వారు చేసిన వాదనలో బలముంది.

అన్నంభట్టు విభాగంలో దాగి ఉన్న ఒక భావనను ఇక్కడ విడదీసి చూపాలి. అనుభవం యథార్థమైతే స్మృతి యథార్థమే కావాలంటే, నడుమ ఉన్న సంస్కారం తనకు అందినదాన్ని మార్చకుండా అందించాలి. నవ్యన్యాయ గ్రంథాలలో ఈ సంస్కారం గురించి ఒక సూక్ష్మమైన చర్చ ఉంది. స్మృతి పుట్టగానే దాన్ని పుట్టించిన సంస్కారం నశిస్తుందనుకుంటే, ఒకసారి గుర్తుకు వచ్చినది మరోసారి ఎలా గుర్తుకు వస్తుంది అన్నది ఆ చర్చలోని చిక్కు. అనుభవం మాత్రమే కాక స్మృతి కూడా ఒక కొత్త సంస్కారాన్ని పుట్టిస్తుందన్నది దానికి ఇచ్చిన సమాధానాలలో ఒకటి. ఆ పక్షాన్ని అంగీకరిస్తే, పదోసారి గుర్తుకు తెచ్చుకొనేవాడు మొదటి అనుభవాన్ని కాక తొమ్మిదో స్మరణను గుర్తుకు తెచ్చుకుంటున్నాడని చెప్పవలసి వస్తుంది. 2000లో కరీం నాదర్, గ్లెన్ షాఫ్, జోసెఫ్ లెడూ న్యూయార్క్‌లో ఎలుకలపై చేసిన ప్రయోగం, స్థిరపడిన భయస్మృతి మళ్లీ మేల్కొన్నప్పుడు కొంతసేపు అస్థిరంగా ఉంటుందని, ఆ సమయంలో మెదడులో ప్రోటీన్ల తయారీని అడ్డుకుంటే అది తిరిగి నిలదొక్కుకోలేదని చూపింది. నైయాయికులు దీన్ని ముందే కనిపెట్టారని పొంగిపోనక్కర లేదు. వారిది కార్యకారణాల పొందికకు సంబంధించిన చిక్కు, ఎలుకల మెదడు వారి విషయం కాదు. కానీ తర్కం తనంతట తాను నడిచి ఏ తలుపు దగ్గర ఆగిందో ప్రయోగం కూడా అక్కడికే చేరడం గమనించవలసిన సంగతి.

స్మృతి పునర్నిర్మాణమన్న భావనను ఆధునిక కాలంలో గట్టిగా ప్రతిపాదించినవాడు కేంబ్రిడ్జ్‌కు చెందిన ఫ్రెడరిక్ బార్ట్‌లెట్. అమెరికా ఆదివాసుల కథ ఒకదాన్ని ఆంగ్లేయ పాఠకులకిచ్చి, కొన్నాళ్లకొకసారి తిరిగి చెప్పమన్నప్పుడు వారు తమకు వింతగా తోచిన భాగాలను వదిలేసి, తెలిసిన వస్తువులతో పూరించి, కథను తమ సంస్కృతికి ఒదిగేలా దిద్దుకొన్నారని 1932లో వెలువడిన తన గ్రంథంలో అతడు చూపాడు. అయితే ఆ దిద్దుబాటు లోపలి నుంచి వచ్చినది. బయటి నుంచి వచ్చే దిద్దుబాటును 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కొలిచారు. కారు ప్రమాదాల చిత్రాలు చూసిన విద్యార్థులను వేగం ఎంత ఉండవచ్చునని అడుగుతూ, ప్రశ్నలో ఒక్క క్రియాపదాన్ని మార్చారు. కార్లు ఒకదానికొకటి ‘తాకినప్పుడు’ అని అడిగితే సగటు జవాబు గంటకు 31.8 మైళ్లు, ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ అన్న అర్థంలో అడిగితే దాదాపు 41 మైళ్లు. మరో బృందాన్ని వారం తరువాత పిలిచి, పగిలిన గాజు చూశారా అని అడిగారు. చిత్రంలో గాజు పగలలేదు. తీవ్రమైన క్రియతో ప్రశ్న విన్న యాభై మందిలో పదహారుగురు చూశామన్నారు. మామూలు క్రియతో విన్న యాభై మందిలో ఏడుగురు, వేగం గురించి అసలు ప్రశ్నే వినని యాభై మందిలో ఆరుగురు చూశామన్నారు. ఇక్కడ అబద్ధమాడినవారు ఒక్కరూ లేరు. యాజ్ఞవల్క్యుడు చెప్పిన చెమట గాని తడబాటు గాని వారిలో వెతికి ప్రయోజనం లేదు.

ఈ దోషాన్ని వర్ణించడానికి భారతీయ భ్రమసిద్ధాంతాలలో మీమాంసకుడైన ప్రభాకరుని అఖ్యాతివాదం అన్నిటికంటే దగ్గరగా వస్తుంది. ముత్యపుచిప్పను చూసి వెండి అనుకొనేవాడిలో తప్పుడు జ్ఞానమంటూ ఏదీ లేదని ప్రభాకరుని మతం. అతనిలో రెండు జ్ఞానాలున్నాయి, రెండూ సరైనవే: ఎదుట మెరుస్తున్న ‘ఇది’ అన్న ప్రత్యక్షం ఒకటి, ఎప్పుడో చూసిన వెండిని గురించిన స్మృతి రెండోది. స్మృతికి మామూలుగా ‘అది’, ‘అప్పటిది’ అనే ఒక గుర్తు అంటిపెట్టుకొని ఉంటుంది. ఏదో కారణం చేత ఆ గుర్తు జారిపోయినప్పుడు, దీనినే స్మృతిప్రమోషం అంటారు, రెండు జ్ఞానాల నడుమ భేదం తెలియక అతడు చెయ్యి చాచి వంగుతాడు. భ్రమ అంటే తప్పు తెలియడం కాదు, భేదం తెలియకపోవడమే. 1993లో మార్సియా జాన్సన్, ఆమె సహచరులు ‘సోర్స్ మానిటరింగ్’ పేరుతో చెప్పిన సిద్ధాంతం, అంటే ఒక జ్ఞాపకం ఎక్కడి నుంచి వచ్చిందో మనసు వేసుకొనే అంచనా, దాదాపు ఈ ఆకారంలోనే ఉంటుంది. పగిలిన గాజు గురించిన భావన సాక్షిలో నిజంగానే ఉంది. అది రోడ్డు మీద నుంచి కాక ప్రశ్న నుంచి వచ్చిందన్న గుర్తు మాత్రమే పోయింది. చూసినది, తరువాత పత్రికలో చదివినది, పొరుగువాడు చెప్పినది, పోలీసు అడిగినది అన్నీ ఒకే వరుసలో ‘చూసినవి’గా కూర్చుంటాయి.

గుర్తు జారిపోవడం ఎంత దూరం తీసుకుపోగలదో చూపే ఉదంతం ఒకటి ఆస్ట్రేలియాలో 1970లలో జరిగింది. స్మృతి పరిశోధకుడు డొనాల్డ్ థామ్సన్‌ను ఒక అత్యాచార బాధితురాలు నిందితుడిగా గుర్తించింది. నేరం జరిగిన సమయంలో అతడు టెలివిజన్‌లో ప్రత్యక్ష ప్రసారంలో మాట్లాడుతున్నాడు. ఆమె ఆ కార్యక్రమాన్ని చూస్తుండగానే దాడి జరిగింది. తెర మీది ముఖం దాడి చేసినవాడి స్థానంలోకి చేరిపోయింది. ఒకచోట చూసిన వస్తువు మరోచోట ఉన్నట్టు తోచడమే భ్రమ అనే నైయాయికుల అన్యథాఖ్యాతి ఈ ఒక్క ఉదంతానికి అఖ్యాతి కంటే బాగా అమరుతుందని చెప్పేవారుంటే కాదనడం కష్టం. ఆమెను నిందించడానికి ఇందులో ఏమీ లేదు.

ఈ థామ్సన్, ఎండెల్ టల్వింగ్ కలిసి 1973లో ఒక సూత్రం ప్రతిపాదించారు. ఒక విషయం మనసులో నాటుకొన్నప్పుడు దానితో పాటు నాటుకొన్న పరిసరాలు, భావాలు మళ్లీ ఎదురైతేనే ఆ విషయాన్ని బయటికి రప్పించే సూచనలు పనిచేస్తాయన్నది దాని సారం. గుర్తులేదు అన్న మాటకు పోయింది అన్న అర్థం రావలసిన పనిలేదు. తగిన సూచన దొరకలేదని కావచ్చు. ఈ సూత్రం మీద ఆధారపడి రొనాల్డ్ ఫిషర్, ఎడ్వర్డ్ గైసల్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1984 నుంచి ‘కాగ్నిటివ్ ఇంటర్వ్యూ’ అనే పద్ధతిని తీర్చిదిద్దారు. సాక్షిని వెనకటి ఘడియలోకి మనసా తీసుకుపోవడం దానిలో మొదటి మెట్టు: ఎక్కడ నిలుచున్నారు, వెలుతురు ఎలా ఉంది, అంతకు ముందు ఏం చేస్తున్నారు, ఏమనిపించింది అన్నవాటిని తొందర లేకుండా, వీలైతే కళ్లు మూసుకొని, తలచుకోమంటారు. అల్పమనిపించినదాన్ని, సగమే గుర్తున్నదాన్ని కూడా వదలకుండా చెప్పమంటారు, ఊహించి మాత్రం చెప్పవద్దంటారు. తరువాత అదే సంఘటనను చివరి నుంచి మొదటికి చెప్పమంటారు. ఎందుకంటే ముందుకు నడిచే కథనంలో ‘ఇలాగే జరిగి ఉంటుంది’ అన్న అలవాటు ఖాళీలను పూరిస్తుంది, వెనక్కి నడిచినప్పుడు ఆ అలవాటు సాయం రాదు. అక్కడే ఉన్న మరొకరి కళ్లతో చూసినట్టు చెప్పమనడం నాలుగో ఉపాయం. ఇది ఊహకు తలుపు తీస్తుందన్న విమర్శ చాలామంది నుంచి వచ్చింది. ఆచరణలో పోలీసులు కూడా దీన్ని తక్కువగానే వాడుతున్నారు. ఆ విమర్శ న్యాయమైనదే. చూడని చోటి నుంచి చెప్పమని అడిగి, చూసినదే చెప్పాలని కోరడంలో పొసగని తనముంది.

ఇక్కడ న్యాయసూత్రాల మూడో అధ్యాయాన్ని తలచుకోవడం అసందర్భం కాదు. సంస్కారాలన్నీ ఆత్మలో ఒకేసారి ఉండగా స్మృతులన్నీ ఒకేసారి ఎందుకు పుట్టవు అన్న ఆక్షేపానికి గౌతముడు, సంస్కారాన్ని మేల్కొలిపే నిమిత్తాలు ఒకేసారి కూడిరావు కనుక అని జవాబిచ్చి, ఆ నిమిత్తాల పట్టిక ఒకటి ఇచ్చాడు. మనసును ఒకచోట నిలపడమనే ప్రణిధానంతో అది మొదలై, అభ్యాసం, సాదృశ్యం, సంబంధం, ఒకదాని వెంట మరొకటి రావడమనే ఆనంతర్యం, వియోగం, విరోధం మీదుగా సుఖదుఃఖాలు, కోరిక, ద్వేషం, భయం వంటివాటి వరకు సాగుతుంది. జ్ఞానం ఆత్మగుణమని స్థాపించే వాదంలో భాగంగా వచ్చిన ఈ పట్టికను ఫిషర్, గైసల్‌మన్‌ల మెట్ల పక్కన పెట్టి చదివితే, ఇంటర్వ్యూ అంటే నిమిత్తాలను క్రమంగా కూర్చే పని అని స్పష్టమవుతుంది. ప్రశాంతత ప్రణిధానానికి, పరిసరాల స్మరణ సంబంధానికి, వెనుక నుంచి చెప్పించడం ఆనంతర్యానికి, అప్పటి భయాన్ని తలచుకోమనడం భయమనే నిమిత్తానికే చెందుతాయి.

తార్కిక పరిభాషలో ఇటువంటి నిమిత్తానికి ఉద్బోధకమని పేరు: నిద్రలో ఉన్న సంస్కారాన్ని లేపేది, కానీ తానుగా ఏ విషయాన్నీ అందించనిది. పోలీసు వేసే ప్రశ్న ఉద్బోధకంగా ఉండవలసినది. ‘ఏం చూశారు?’ అన్న ప్రశ్న అటువంటిది. ‘ఎర్రచొక్కావాడి చేతిలో కత్తి చూశారా?’ అన్న ప్రశ్న రూపంలో మాత్రమే ప్రశ్న. అది ఎర్రచొక్కావాడు ఒకడున్నాడని, అక్కడ కత్తి ఉండే అవకాశముందని సాక్షికి తెలియజేస్తున్నది. అంటే అది శబ్దప్రమాణం చేసే పని చేస్తున్నది. అక్కడ పాత్రలు తారుమారవుతాయి: సాక్షిని ఆప్తుడిగా ఎంచి వినవలసినవాడే ఆప్తుడిగా మాట్లాడుతున్నాడు, చెప్పవలసినవాడు శ్రోత అవుతున్నాడు. యూనిఫాం వేసుకొన్నవాడి మాట మీద సామాన్యులకు సహజంగా ఉండే గురి వల్ల ఆ శబ్దం మరింత బలంగా నాటుకొంటుంది. తరువాత సాక్షి తిరిగి చెప్పేది తన అనుభవం పేరుతో వచ్చిన ఆ అధికారి మాటే. కనుక సాక్ష్యం యథార్థం కావడానికి ఆప్తత్వం ఒక్క సాక్షిలో ఉంటే చాలదు. ప్రశ్నించేవాడు తన మాటను ఉద్బోధకానికి మించనివ్వకుండా ఆపుకోగలగడం కూడా ఆ సాక్ష్యపు కారణసామగ్రిలో భాగమే, సామగ్రిలో ఒక్క కారణం దుష్టమైనా కార్యం దుష్టమవుతుంది. వాత్స్యాయనుడి లక్షణాన్ని ఇంతవరకు పొడిగించకపోతే అది న్యాయస్థానంలోని సాక్షికి వర్తించదు.

ఆపుకోవడం సులభం కాదని చూపే ఒక లెక్క ఉంది. ఫ్లోరిడాలో పోలీసులు సాక్షులతో జరిపిన సంభాషణల టేపులను పరిశీలించి ఫిషర్ బృందం 1987లో ప్రకటించిన ప్రకారం, సాక్షి జవాబు మొదలుపెట్టిన సగటున ఏడున్నర సెకన్లకే అధికారి అడ్డుతగిలాడు. జ్ఞాపకం వెతుక్కొనే మనసుకు ఏడున్నర సెకన్లలో ప్రణిధానం కుదరదు. రెండు మూడు సార్లు అడ్డు తగిలాక సాక్షి పొట్టి జవాబులకు అలవాటుపడి, తరువాతి ప్రశ్న కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు. అందుకే మెరుగుపరిచిన కాగ్నిటివ్ ఇంటర్వ్యూలో మొదటి నియమం ఉపాయం కాదు, మౌనం: సంభాషణ పగ్గాలు సాక్షికి అప్పగించాలి, ఫారంలోని గడుల వరుసలో కాక సాక్షి మనసులో అప్పుడు నిలిచి ఉన్న దృశ్యం వరుసలో ప్రశ్నలు రావాలి, తెలియదు అన్న జవాబును లోపంగా చూడరాదు. 1985లో లాస్ ఏంజెలెస్ పోలీసు శిక్షణ చిత్రాలు చూసిన విద్యార్థుల నుంచి మామూలు పద్ధతిలో సగటున 29.4, హిప్నాటిజంతో 38.0, కాగ్నిటివ్ ఇంటర్వ్యూతో 41.2 సరైన వివరాలు వచ్చాయి. తప్పుల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా రాలేదు. 1989లో మయామీ ప్రాంతపు డిటెక్టివ్‌లు నిజమైన కేసుల్లో శిక్షణ తరువాత మునుపటి కంటే 47 శాతం ఎక్కువ సమాచారం రాబట్టారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1990ల తొలినాళ్ల నుంచి ఈ పద్ధతి పోలీసు శిక్షణలో చేరింది.

ఈ లెక్కలు ఏమి నిరూపిస్తున్నాయో జాగ్రత్తగా చెప్పుకోవాలి. అనేక ప్రయోగాలను కలిపి 1999లో గుంటర్ క్యోన్‌కెన్ బృందం చేసిన విశ్లేషణలో, కాగ్నిటివ్ ఇంటర్వ్యూలో చెప్పిన వివరాలలో సగటున 85 శాతం, మామూలు ఇంటర్వ్యూలో 82 శాతం సరైనవని తేలింది. పెరిగింది ప్రధానంగా వివరాల రాశి. సరైనవాటి పాలు పెద్దగా మారలేదు. మంచి పద్ధతి స్మృతిని శుద్ధిచేయదు, దాన్ని కొత్తగా కలుషితం చేయకుండా ఎక్కువగా బయటికి తెస్తుంది. వచ్చిన నూరు వివరాలలో ఏ పదిహేను తప్పో సాక్షికీ తెలియదు, విన్నవారికీ తెలియదు. ఒక జ్ఞానం సత్యమన్న సంగతి ఆ జ్ఞానంతో పాటే తెలుస్తుందనే మీమాంసకుల స్వతఃప్రామాణ్యవాదానికీ, అది ఇతర ఆధారాల పొత్తు వల్లనే తెలుస్తుందనే నైయాయికుల పరతఃప్రామాణ్యవాదానికీ మధ్య సాక్షి విషయంలో తీర్పు చెప్పవలసి వస్తే, నైయాయికుల వైపే మొగ్గవలసి ఉంటుంది. 1998లో గ్యారీ వెల్స్, ఏమీ బ్రాడ్‌ఫీల్డ్ చేసిన ప్రయోగం ఇందుకు గట్టి ఆధారం. నేరస్థుడు లేని ఫొటోల వరుస నుంచి ఒకరిని తప్పుగా ఎంచుకొన్నవారితో, మీరు అనుమానితుడినే గుర్తించారు, బాగుంది అని ఒక్క మాట అంటే చాలు, తమకు మొదటి నుంచీ గట్టి నమ్మకం ఉందని, ముఖాన్ని బాగా చూశామని, శ్రద్ధగా గమనించామని వారు చెప్పసాగారు. నమ్మకం పెరగడమే కాదు, ఆ నమ్మకానికి చరిత్ర కూడా వెనక్కి రాసుకోబడింది. కోర్టులో నిబ్బరంగా మాట్లాడే సాక్షిని చూసి జడ్జీ నమ్మేది చాలాసార్లు ఆ ఒక్క మాటనే కావచ్చు.

భారతీయ న్యాయవ్యవస్థలో ఈ ఎరుక కొన్ని చోట్ల ఉంది, కొన్ని చోట్ల లేదు. జవాబును తనలోనే ఇముడ్చుకొన్న లీడింగ్ ప్రశ్నను, సాక్షిని పిలిపించిన పక్షపు న్యాయవాది ముఖ్యవిచారణలో అతణ్ని అడగడాన్ని 1872 నాటి సాక్ష్య చట్టం నియంత్రించింది. దాని స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఆ నియమాన్ని నిలుపుకొన్నది. కానీ సాక్షి కోర్టుకు రావడానికి ఎంతో ముందు, దర్యాప్తు అధికారి ఎదుట వాంగ్మూలం ఇచ్చేటప్పుడు ఆ నియమం కాపలా లేదు. అక్కడ సాక్షి నోటితో చెబుతాడు, అధికారి రాస్తాడు, దాని మీద సాక్షి సంతకం తీసుకోకూడదు. ఏ ప్రశ్నకు ఏ జవాబు వచ్చిందో తెలియని ఏకధార కథనంగా అది కాగితం మీదికి వస్తుంది. ఆడియో, వీడియో రికార్డింగుకు చట్టం అనుమతించినా అది తప్పనిసరి కాదు. స్మృతి మీద మొదటి ముద్ర పడే చోటనే ముద్ర వేసినవాడి జాడ చెరిగిపోతున్నది. మరోవైపు 1983లో గుజరాత్ నుంచి వచ్చిన ఒక అప్పీలులో సుప్రీంకోర్టు, సాక్షి మనసు వీడియో టేపు కాదని, చిన్న చిన్న పొరపాట్లను పట్టుకొని మొత్తం సాక్ష్యాన్ని తోసిపుచ్చరాదని చెప్పింది. ఆ మాటలో మానవీయత ఉంది. అయితే స్మృతి బలహీనతను సాక్షిని క్షమించడానికి ఎంతగా వాడుకొన్నారో, సాక్ష్యాన్ని పరీక్షించడానికి అంతగా వాడుకోలేదు.

గుర్తింపు పరేడ్ విషయంలో ఈ వైరుధ్యం మరింత పదునుగా కనిపిస్తుంది. ‘ఆ దేవదత్తుడే ఇతడు’ అనే రకపు జ్ఞానాన్ని దర్శనాలు ప్రత్యభిజ్ఞ అంటాయి. అది సంస్కారం సాయంతో కలిగే ప్రత్యక్షమేనని నైయాయికులు, ప్రత్యక్షానికి వేరైన పరోక్ష ప్రమాణమని జైనులు చెప్పగా, ఎదుట ఉన్నవాడి ప్రత్యక్షాన్నీ ఎప్పుడో చూసినవాడి స్మృతినీ అతికించి ఒకటిగా భ్రమించడమేనని, అభేదానికి అది సాక్ష్యం కాజాలదని క్షణికవాదులైన బౌద్ధులు కొట్టివేశారు. బౌద్ధుల సిద్ధాంతాన్ని అంగీకరించనివారు కూడా వారి అనుమానాన్ని పరేడ్ వరుస ముందు నిలబడిన సాక్షి విషయంలో తేలికగా తీసిపారేయలేరు. ఎందుకంటే ఒక ముఖాన్ని రెండోసారి చూసినప్పుడు కలిగే పరిచయభావం నేరస్థలం నుంచి వచ్చిందో, పోలీసు స్టేషన్ వరండా నుంచి వచ్చిందో ఆ భావమే చెప్పదు. జాన్ విక్స్‌టెడ్, గ్యారీ వెల్స్, ఎలిజబెత్ లాఫ్టస్, బ్రాండన్ గారెట్ 2021లో ప్రచురించిన వ్యాసంలో, ఒక అనుమానితుడి విషయంలో సాక్షి స్మృతిని ఒక్కసారే పరీక్షించాలని, ఆ పరీక్షే తరువాతి పరీక్షలన్నిటినీ కలుషితం చేస్తుందని వాదించారు. భారతదేశంలో క్రమం దీనికి తలకిందులుగా ఉంది. మెజిస్ట్రేటు ఎదుట నెలల లోపే జరిగే పరేడ్‌కు బలపరిచే విలువ మాత్రమే ఉండగా, ఎన్నో ఏళ్ల తరువాత కోర్టు హాలులో, నిందితుల స్థానంలో నిలబెట్టిన ఒక్కడి వైపు చెయ్యి చూపడం అసలు సాక్ష్యంగా చెల్లుతుంది. పరేడ్ నాటికి సాక్షిలో సంఘటన విడిచిపోయిన సంస్కారం ఎంతో కొంత మిగిలి ఉంటుంది. కోర్టు హాలు నాటికి దాని మీద పరేడ్, ఫొటోలు, పత్రికలు, విచారణలు వరుసగా విడిచిన సంస్కారాలు పేరుకొని ఉంటాయి, చెయ్యి చూపే సాక్షిలో వాటిలో ఏది మేల్కొన్నదో తేల్చే ప్రక్రియ ఏదీ ఆ హాలులో లేదు.